పైకప్పు తక్కువైన మరమ్మతు గదిలో వెలుతురు: దీపాల ఎంపిక, అమరిక

వ్యవసాయ యాంత్రీకరణ ఉప మిషన్ 2014-15లో ప్రారంభమైన తరువాత రైతు బృందాలు నడిపే అద్దె యంత్రాల కేంద్రాలు అనేక గ్రామాలకు చేరాయి. రోటవేటర్లు, విత్తన గొర్రులు, పవర్ వీడర్లు, బ్రష్ కట్టర్లు, తైవాన్ స్ప్రేయర్లు ఒకచోట చేరిన తరువాత వాటికి మరమ్మతు గది ఒకటి తప్పనిసరి అవుతుంది. ఆ గదిని ప్రత్యేకంగా కట్టించేవారు అరుదు. పాత ఎరువుల గోదామో, ఖాళీ అయిన దుకాణమో, ఇంటి పక్క వసారాయో ఆ పనికి ఒదుగుతుంది. ఇటువంటి గదులలో పైకప్పు ఎనిమిది అడుగుల ఎత్తుకు మించకపోవడం సామాన్యం.

ఈ వ్యాసకర్త చూసిన అటువంటి గది ఒకటి సుమారు 20 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు ఉంది. స్లాబు పొగచూరి బూడిదరంగుకు తిరిగింది. స్లాబు నడిమధ్యన పళ్ళెం ఆకారంలో ఉన్న 100 వాట్ల ఎల్‌ఈడీ హైబే దీపాన్ని బిగించారు. రైస్ మిల్లులో బాగా వెలుగుతున్నదని చూసి తెచ్చినది అది. దాని క్రింద నిలబడితే తల ఎత్తి చూడలేనంత కాంతి. చివరి గోడ వారగా ఉన్న గ్రైండరు దగ్గర మాత్రం మిస్త్రీ రోటవేటర్ బ్లేడుకు పదును పెడుతుంటే ఒక కుర్రవాడు సెల్‌ఫోన్ టార్చి పట్టుకుని పక్కన నిలబడి ఉన్నాడు. నిప్పురవ్వలు ఆ పిల్లవాడి ముంజేతి మీద పడుతున్నాయి. "ఈ దీపం చాలటం లేదు సార్, 200 వాట్లది పెట్టించాలి" అన్నాడు మిస్త్రీ. 200 వాట్ల దీపం పెట్టినా ఆ కుర్రవాడు అక్కడే నిలబడవలసి వస్తుంది. కారణం చిన్న లెక్కలో తెలుస్తుంది.

ఎత్తు తగ్గినప్పుడు కాంతి పంపిణీ

దీపం నుంచి వెలువడే మొత్తం కాంతిని ల్యూమెన్లలోను, పని జరిగే తలం మీద పడిన కాంతిని లక్సులలోను కొలుస్తారు. ఒక చదరపు మీటరు మీద ఒక ల్యూమెన్ పడితే అది ఒక లక్సు. వాట్లు దీపం తీసుకునే విద్యుత్తుకు కొలమానం మాత్రమే. అయినా దుకాణంలో ఇప్పటికీ అడిగేది వాట్లే. పాత తంతు బల్బు వాట్‌కు 12 నుంచి 15 ల్యూమెన్లు ఇచ్చేది. నేటి సాధారణ ఎల్‌ఈడీ 100 ల్యూమెన్లకు అటూ ఇటూగా ఇస్తున్నది. కాబట్టి పెట్టె మీద ముందుగా చదవవలసిన అంకె ల్యూమెన్లది.

పైన చెప్పిన గదిలో దీపం ముఖం నేల నుంచి 2.3 మీటర్ల ఎత్తులో ఉంది. పనిబల్ల ఎత్తు 0.85 మీటర్లు. దీపానికీ పనికీ నడుమ దూరం 1.45 మీటర్లే. ఆ దీపం సుమారు 10,000 ల్యూమెన్లు ఇస్తుందనీ, 120 డిగ్రీల కోణంలో కాంతిని వెదజల్లే రకమనీ అనుకుందాం. అప్పుడు నిట్టనిలువుగా క్రిందికి దాని కాంతి తీవ్రత సుమారు 3,180 కాండెలాలు. విలోమ వర్గ నియమం ప్రకారం సరిగ్గా దీపం క్రింద బల్ల ఎత్తున 1,510 లక్సులు పడతాయి. మూడు మీటర్ల దూరంలో, అంటే గ్రైండరు ఉన్న చోట, దూరం పెరగడమే గాక కాంతి బాగా ఏటవాలుగా పడుతుంది. దీపం కూడా ఆ వాలు దిశలో తక్కువ కాంతినే పంపుతుంది. వీటన్నింటినీ కలిపి లెక్కిస్తే అక్కడికి నేరుగా చేరేది 54 లక్సులు. రెండు చోట్ల మధ్య తేడా 28 రెట్లు. గోడల నుంచి ప్రతిఫలించే కాంతి కొంత తోడవుతుంది గాని, పొగచూరిన గోడల నుంచి అదీ స్వల్పమే.

అదే దీపాన్ని ఐదు మీటర్ల ఎత్తున్న రైస్ మిల్లులో బిగించి, నేల నుంచి 4.9 మీటర్ల ఎత్తున ఉందనుకుంటే సరిగ్గా క్రింద 194 లక్సులు, మూడు మీటర్ల పక్కన 81 లక్సులు వస్తాయి. తేడా రెండున్నర రెట్ల లోపే. మిల్లులో ఆ దీపం బాగున్నదని చూసినవారు పొరపడలేదు; అక్కడ అది నిజంగానే బాగుంది. హైబే దీపాల తయారీయే సుమారు ఆరు మీటర్లు, ఆపైన ఉండే కప్పులను దృష్టిలో పెట్టుకుని జరుగుతుంది. ఎనిమిది అడుగుల గదిలో 200 వాట్ల దీపం పెడితే 1,510 కాస్తా 3,000 దాటుతుంది, 54 కాస్తా 108 అవుతుంది. తేడా మాత్రం 28 రెట్లుగానే నిలిచి ఉంటుంది. పైగా అంత వెలిగే చోటు నుంచి చీకటి మూలకు చూపు తిప్పిన కన్ను వెంటనే సర్దుకోలేదు కనుక ఆ మూల మునుపటి కన్నా చీకటిగా తోస్తుంది.

అందువల్ల పైకప్పు తక్కువైన గదిలో కాంతిని ముక్కలుగా పంచాలి. ఒక పెద్ద దీపానికి బదులు అనేక చిన్న, పొడవైన దీపాలు అమర్చాలి. దీపానికీ దీపానికీ మధ్య దూరం, బల్ల నుంచి దీపానికి గల ఎత్తుకు సమానంగానో, మహా అయితే దానికి ఒకటింబావు రెట్లుగానో ఉండాలి. మన గదిలో ఇది ఒకటిన్నర మీటర్లు.

ఎంత వెలుతురు చాలు?

భారతీయ ప్రమాణం ఐఎస్ 3646 కార్ఖానా పనులను వాటి సూక్ష్మతను బట్టి విభజించింది. ముతక బల్ల పనికి 300 లక్సులు, మధ్యస్థమైన పనికి 500, సూక్ష్మమైన పనికి 750 లక్సులు నడిమి విలువలుగా తీసుకోవచ్చు. రోటవేటర్ బ్లేడ్ల బోల్టులు విప్పడం మొదటి తరగతిలోకి, స్ప్రేయరు పంపు సీళ్ళు మార్చడం రెండవ తరగతిలోకి, కార్బురేటరు జెట్ రంధ్రం శుభ్రం చేయడం మూడవ తరగతిలోకి వస్తాయి. గది అంతటా 750 లక్సులు నింపవలసిన పని లేదు. గదికి 300, పనిబల్ల మీద విడి దీపంతో 500 నుంచి 750 అనుకుంటే చాలు.

ఈ అంకెలను అనుసరించేటప్పుడు మిస్త్రీ వయసును మరచిపోకూడదు. కంటిపాప వయసుతోపాటు చిన్నదవుతుంది, కటకం పసుపు బారుతుంది. అరవై ఏళ్ళ కంటి లోపలి తెరకు చేరే కాంతి, ఇరవై ఏళ్ళ కంటికి చేరేదానిలో ఇంచుమించు మూడో వంతు. శిక్షణ పొందుతున్న కుర్రవాడికి సరిపోయిన వెలుతురు అతనికి పని నేర్పే పెద్దాయనకు సరిపోదు. పెద్దాయన దానిని దీపం లోపమని అనడు, తన చూపు మందగించిందని సర్దుకుంటాడు.

సంఖ్య, వరుసలు

మన గది 6 మీటర్ల పొడవు, 4.5 మీటర్ల వెడల్పు, అంటే 27 చదరపు మీటర్లు. నాలుగడుగుల పొడవున్న 20 వాట్ల ఎల్‌ఈడీ బ్యాటెన్ ఒక్కొక్కటి 2,000 ల్యూమెన్లు ఇస్తుందనుకుందాం. వెలువడిన కాంతి అంతా బల్ల మీదికి చేరదు. గోడలు, కప్పు తెల్లగా ఉంటే ఇంత చిన్న గదిలో సుమారు 55 శాతం చేరుతుంది. దుమ్ము, దీపం వయసు కారణంగా కాలక్రమంలో తగ్గేదానికి 0.7 గుణకం వేసుకోవాలి. పొట్టు, గ్రైండరు ధూళి, వెల్డింగ్ పొగ నిండే గదికి ఇంతకన్నా ఆశావహమైన గుణకం వేసుకోవడం మనల్ని మనం మోసగించుకోవడమే. 12 బ్యాటెన్లు పెడితే 24,000 ల్యూమెన్లు, దానిని 0.55తోను, 0.7తోను గుణించి 27తో భాగిస్తే 342 లక్సులు వస్తాయి. పది బ్యాటెన్లతో 285 లక్సులు. కావలసిన 300కు పది కొంచెం తక్కువ. వరుసల అమరికకు కూడా పన్నెండే కుదురుతాయి.

గది పొడవునా మూడు వరుసలు, వరుసకు నాలుగు చొప్పున అమర్చాలి. ఒక్కో బ్యాటెన్ 1.2 మీటర్లు కాబట్టి ఆరు మీటర్ల పొడవులో నాలుగు దాదాపు ఎడతెగని వెలుగు గీతలా పరుచుకుంటాయి. వరుసల మధ్య 1.5 మీటర్లు, చివరి వరుసకూ గోడకూ మధ్య 0.75 మీటర్లు. ఈ 0.75 కొలతకు మరొక ప్రయోజనం ఉంది. గోడకు ఆనించిన పనిబల్ల వెడల్పు సాధారణంగా రెండు, రెండున్నర అడుగులు. అప్పుడు దీపాల వరుస సరిగ్గా బల్ల ముందంచుకు పైన వస్తుంది. వరుస ఇంకా వెనక్కు, గది మధ్యకు జరిగితే పనివాని తల, భుజాల నీడ వైసు మీద పడుతుంది. కప్పు తక్కువైనచోట ఈ నీడ మరీ చిక్కగా ఉంటుంది, ఎందుకంటే తలకూ దీపానికీ మధ్య అడుగున్నర, రెండు అడుగుల దూరమే.

మొత్తం విద్యుత్తు 240 వాట్లు. ఎనిమిది గంటలు వెలిగినా రెండు యూనిట్లకు లోపే. ఇదే కాంతిని పాత తంతు బల్బులతో తేవాలంటే సుమారు 2,000 వాట్లు అవసరమయ్యేవి. మూడు వరుసలకూ మూడు వేరు స్విచ్చులు పెడితే పగటి పూట షట్టరు వైపు వరుసను ఆర్పి ఉంచవచ్చు. ఇందుకు వరుసలు షట్టరున్న గోడకు సమాంతరంగా రావాలి. గది ఆకారం అందుకు అనుకూలించకపోతే స్విచ్చులనైనా ఆ విధంగా విభజించాలి.

స్లాబు క్రింద దూలాలు ఉంటే బ్యాటెన్లను దూలాల నడుమ, వాటికి సమాంతరంగా బిగించడం మంచిది. అడ్డంగా బిగిస్తే ప్రతి దూలం ఒక నీడ వేస్తుంది. దూలాల నడుమ ఉన్న దీపానికి మరొక రక్షణ కూడా లభిస్తుంది. ఎనిమిది అడుగుల గదిలో పది అడుగుల పైపును నిలువుగా తిప్పబోయి దీపం పగలగొట్టడం సామాన్యంగా జరిగేదే. గాజు ట్యూబులైతే పెంకులు తల మీద రాలతాయి, వాటిలో కొద్దిపాటి పాదరసం కూడా ఉంటుంది. ప్లాస్టిక్ కవచమున్న ఎల్‌ఈడీ బ్యాటెన్‌తో ఆ భయం లేదు.

కంటికి ఎదురయ్యే దీపం

నిలబడిన మనిషి కన్ను నేల నుంచి అయిదడుగుల పైచిలుకు ఎత్తున ఉంటుంది. ఎనిమిది అడుగుల గదిలో దీపాలు ఎప్పుడూ చూపు పరిధిలోనే ఉంటాయి. మిరుమిట్లకు కారణం మొత్తం కాంతి కాదు. అది ఎంత చిన్న తలం నుంచి వెలువడుతున్నదన్నదే. 10,000 ల్యూమెన్లు 25 సెంటీమీటర్ల పళ్ళెం నుంచి వస్తే ఆ తలం ప్రకాశం చదరపు మీటరుకు సుమారు 65,000 కాండెలాలు. 2,000 ల్యూమెన్ల బ్యాటెన్‌లో అది 18,000కు లోపు. రెండడుగుల చదరపు ప్యానెల్ 3,600 ల్యూమెన్లు ఇస్తున్నా 3,200 దగ్గరే ఉంటుంది. కంటికి అన్నింటికన్నా హాయినిచ్చేది ప్యానెలే. అయితే ధర, దుమ్ము చేరే అంచులు, బిగింపు ఇబ్బంది చూస్తే పల్లె మరమ్మతు గదికి పాలరంగు కవచమున్న బ్యాటెన్ తగిన మధ్యేమార్గం. చుక్కలు చుక్కలుగా డయోడ్లు బయటికి కనిపించే రకాన్ని, ఎంత చవకైనా, ఈ ఎత్తులో వాడకూడదు.

నల్లని కప్పు నేపథ్యంలో వెలిగే దీపం మరింత గుచ్చుకుంటుంది. సున్నం వేయించడం వల్ల మిరుమిట్లు తగ్గుతాయి, వెలుతురూ పెరుగుతుంది. తెల్లని కప్పు తన మీద పడిన కాంతిలో 70 నుంచి 80 శాతాన్ని తిప్పి పంపుతుంది. గోడలూ కప్పూ మసిబారితే బల్ల మీదికి చేరే కాంతి పావు వంతుకు పైగా తగ్గవచ్చు. పన్నెండు దీపాలలో మూడు ఆర్పివేసినట్లే లెక్క. అదనపు దీపాలు కొనేముందు సున్నపు బకెట్టు గురించి ఆలోచించమని మేము చెబుతూనే ఉన్నాం. గోడకు గ్రీజు చేతులు తగులుతాయని ఒప్పుకోరు. నడుము ఎత్తు వరకు ముదురు రంగు వేసి, ఆ పైన తెలుపు ఉంచితే ఆ అభ్యంతరం తీరుతుంది. నేల కూడా లేత రంగులో శుభ్రంగా ఉంటే యంత్రం అడుగు భాగానికి కొంత వెలుతురు అందుతుంది.

షట్టరు తెరిచి ఉన్నప్పుడు బయటి ఎండ మరొక మిరుమిట్ల మూలం. మిట్టమధ్యాహ్నం ఆరుబయట వెలుతురు లక్ష లక్సుల దాకా ఉంటుంది. పనిబల్ల షట్టరుకు అభిముఖంగా ఉండకుండా పక్కవాటుగా ఉండేటట్లు చూడాలి.

తిరిగే చక్రం నిలిచినట్లు కనిపించడం

దీపాల ఎంపికలో అతి ముఖ్యమైనదీ, ఎక్కువగా విస్మరణకు గురవుతున్నదీ ఈ అంశం. మన విద్యుత్ సరఫరా సెకనుకు 50 ఆవర్తాలది. ప్రతి ఆవర్తంలో విద్యుత్ ప్రవాహం రెండుసార్లు శిఖరానికి చేరుతుంది. అందువల్ల పాత చోకు ట్యూబులైటు, నాసిరకం డ్రైవరున్న ఎల్‌ఈడీ సెకనుకు 100 సార్లు వెలిగి తగ్గుతాయి. కంటికి ఇది తెలియదు, తిరిగే వస్తువు మీద మాత్రం ప్రభావం చూపుతుంది.

పల్లెలలో ఎక్కువగా వాడే నాలుగు ధ్రువాల మోటారు నిమిషానికి సుమారు 1,440 చుట్లు తిరుగుతుంది. అంటే సెకనుకు 24 చుట్లు. రెండు మెరుపుల మధ్య గడిచే సెకనులో నూరవ వంతు కాలంలో దాని పుల్లీ 86.4 డిగ్రీలు తిరుగుతుంది. పుల్లీకి నాలుగు ఆకులుంటే వాటి మధ్య కోణం 90 డిగ్రీలు. కాబట్టి ప్రతి మెరుపులో తరువాతి ఆకు, ముందటి ఆకు ఉన్న చోటికి 3.6 డిగ్రీలు వెనుకగా కనిపిస్తుంది. సెకనుకు 100 మెరుపులలో ఇది 360 డిగ్రీలు అవుతుంది. నిమిషానికి 1,440 చుట్లు తిరుగుతున్న పుల్లీ, సెకనుకు ఒక్క చుట్టు చొప్పున వెనక్కు నింపాదిగా కదులుతున్నట్లు కంటికి తోస్తుంది. స్విచ్చు ఆపాం, ఆగిపోతున్నది కదా అనుకుని బెల్టు మీద చెయ్యి వేయడానికి ఆ దృశ్యమే చాలు. మూడు దవడల లేతు చక్ నిమిషానికి 2,000 చుట్ల వేగంలో ఉంటే సెకనులో నూరవ వంతుకు సరిగ్గా మూడో వంతు తిరుగుతుంది; అది పూర్తిగా నిలిచిపోయినట్లే ఉంటుంది.

పగటి వెలుతురు కలిసినప్పుడు ఈ భ్రమ పలచబడుతుంది. చీకటి పడ్డాక, ఒకే రకం దీపాల క్రింద, పని తొందరలో ఉన్నప్పుడు అది బలంగా ఉంటుంది. కోతల కాలంలో మరమ్మతులు నడిచేది సరిగ్గా ఆ వేళల్లోనే. పూర్వం లేతుల మీద తంతు బల్బునే ఉంచడంలో అర్థం ఉంది. వేడెక్కిన తంతువు అంత త్వరగా చల్లారదు కాబట్టి దాని కాంతిలో హెచ్చుతగ్గులు స్వల్పం.

పెద్ద కార్ఖానాలలో మూడు ఫేజులకూ దీపాలను పంచి ఈ ప్రమాదాన్ని తగ్గిస్తారు. సింగిల్ ఫేజు కనెక్షను ఉన్న గదిలో ఆ వీలు లేదు. కాబట్టి స్థిర విద్యుత్ ప్రవాహాన్నిచ్చే మంచి డ్రైవరున్న బ్యాటెన్లనే ఎంచుకోవాలి. కొనే ముందు దుకాణంలోనే పరీక్షించవచ్చు. దీపం వెలిగించి దాని ముందు పెన్సిలును వేగంగా అటూ ఇటూ ఊపాలి. పెన్సిలు ఒకే మసక విసనకర్రలా కనిపిస్తే దీపం నిలకడగా వెలుగుతున్నట్లు. విడివిడి పెన్సిళ్ళ వరుసలా కనిపిస్తే ఆ దీపం యంత్రాల గదికి పనికిరాదు. సెల్‌ఫోన్ కెమెరా నిదాన చిత్రీకరణలోనూ ఈ హెచ్చుతగ్గులు బయటపడతాయి.

ఇక సీలింగ్ ఫ్యాను. ఎనిమిది అడుగుల కప్పుకు ఫ్యాను వేలాడదీయడమే చేతులకు, ఎత్తిన పైపులకు ప్రమాదం. దాని రెక్కలు దీపం క్రిందికి వస్తే మరొక చిక్కు. నిమిషానికి 300 చుట్లు తిరిగే మూడు రెక్కల ఫ్యాను సెకనుకు 15 సార్లు కాంతిని కోస్తుంది. ఈ రెపరెప కంటికి స్పష్టంగా తెలిసి, అరగంటలో తలనొప్పి తెస్తుంది. గోడ ఫ్యానులే ఇక్కడ తగినవి.

కరెంటు పోయినప్పుడు దీపాలు వెంటనే ఆరిపోతాయి. గ్రైండరు రాయి మాత్రం మరికొంతసేపు తిరుగుతూనే ఉంటుంది. చీకట్లో, తిరుగుతున్న రాయి పక్కన, చేతిలో బ్లేడుతో నిలబడిన మనిషిని ఊహించుకోవాలి. బ్యాటరీతో వెలిగే ఇన్వర్టర్ బల్బును ఒకదానిని గ్రైండరు పైన బిగించడానికి అయ్యే ఖర్చు కొన్ని వందల రూపాయలే.

వేడి, వోల్టేజి

సిమెంటు రేకుల కప్పు అయితే మే నెలలో రేకు అడుగు తాకలేనంతగా కాలుతుంది. ఎల్‌ఈడీని త్వరగా చెడగొట్టేది ఈ వేడే. ముఖ్యంగా డ్రైవరులోని కెపాసిటరు ఆయుష్షు ప్రతి 10 డిగ్రీల పెరుగుదలకు సుమారు సగమవుతుందని ఇంజనీర్లు లెక్కవేస్తారు. బ్యాటెన్‌ను రేకుకు అంటించకుండా రెండు, మూడు అంగుళాల సందు వదిలి చట్రానికి బిగించాలి. వెల్డింగ్ యంత్రం ఉన్న లైను మీదే దీపాలు ఉంటే ఎలక్ట్రోడు తాకిన ప్రతిసారీ వోల్టేజి పడిపోయి దీపాలు తగ్గి హెచ్చుతాయి. దీపాలకు వేరు సర్క్యూటు ఇవ్వాలి. హెచ్చుతగ్గులు తట్టుకునే విస్తృత వోల్టేజి శ్రేణి, సర్జ్ రక్షణ ఉన్నవే కొనాలి. ధూళి ఎక్కువైన గదికి ఐపీ 65 తరగతి మూసిన దీపాలు నప్పుతాయి. తడిగుడ్డతో తుడవడానికి కూడా అవే వీలు.

రంగు విషయంలో మన మార్కెట్లో ఎక్కువగా దొరికేది 6,500 కెల్విన్ల నీలి తెలుపు. 4,000 నుంచి 5,000 కెల్విన్ల తెలుపు ఎక్కువసేపు పనిచేసే కంటికి నయం. అంతకన్నా గమనించవలసినది రంగుల పోలిక సూచిక, అది 80కి తగ్గకూడదు. వైర్ల రంగులు, కారిన ద్రవం ఇంజను ఆయిలా, కూలెంటా అన్నది తేల్చుకోవలసిన చోట రంగు తేడా తెలియకపోతే పని చెడుతుంది.

విడి దీపాలు, చేతి దీపాలు

పైన చెప్పిన పన్నెండు దీపాల సమమైన వెలుతురుకు ఒక లోటుంది. అన్ని వైపుల నుంచి వచ్చే మెత్తని కాంతిలో నీడలు ఉండవు. నీడలు లేనిచోట ఉపరితలపు గీతలూ ఉండవు. షాఫ్టు మీద వెంట్రుకవాసి పగులు, గీతసూదితో గీసిన గుర్తు, అరిగిన మర అంచు కనబడాలంటే ఒక పక్క నుంచి ఏటవాలుగా పడే కాంతి కావాలి. అందుకే డ్రిల్లింగ్ యంత్రం, వైసు, గ్రైండరు దగ్గర వంగే మెడ ఉన్న చిన్న దీపం ఒక్కొక్కటి ఉండాలి. అయస్కాంతపు అడుగుతో దొరికేవాటిని కావలసిన చోటికి జరుపుకోవచ్చు. పిల్లవాడి చేతిలోని సెల్‌ఫోన్‌కు ప్రత్యామ్నాయం ఇదే.

ధాన్యపు తొట్టి, ట్యాంకు వంటి లోహపు ఇరుకు స్థలంలోకి తీసుకుపోయే చేతి దీపం 24 వోల్టులకు మించకూడదని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం అమలులో ఉన్నప్పుడు నిర్దేశించేది. అదే చట్టంలోని 17వ విభాగం చాలినంత వెలుతురుతోపాటు మిరుమిట్లను, కంటికి శ్రమ కలిగించే నీడలను నివారించమని కూడా కోరేది. పల్లె మరమ్మతు గదులు చాలావరకు ఆ చట్టం పరిధిలోకి వచ్చేవి కాకపోయినా, ప్రమాదం చట్టపు పరిధిని అడిగి రాదు కదా! బ్యాటరీతో వెలిగే చేతి దీపాలు ఇప్పుడు సులభంగా దొరుకుతున్నాయి కనుక 230 వోల్టుల వైరు బల్బును ట్యాంకులోకి దింపడానికి సాకు లేదు.

కొలవడం

విస్తరణ శాస్త్రవేత్త గదిని చూడబోయినప్పుడు లక్సు మీటరును వెంట తీసుకువెళ్ళాలి. గదిని మీటరు చొప్పున గళ్ళుగా విభజించి, ప్రతి గడి మధ్యన బల్ల ఎత్తులో రీడింగు తీసుకోవాలి. షట్టరు మూసి లేదా చీకటి పడ్డాక కొలవాలి. సగటుతోపాటు అతి తక్కువ రీడింగును విడిగా రాయాలి. అతి తక్కువ విలువను సగటుతో భాగిస్తే 0.7కు తగ్గకపోవడం మంచి పంపిణీకి గుర్తు. మన గదిలోని ఒంటరి దీపం ఈ పరీక్షలో ఎలా నిలుస్తుందో విద్యార్థులు పై లెక్కల నుంచి తామే కట్టి చూడవచ్చు. సెల్‌ఫోన్ యాప్‌లు ఒక చోటుకూ మరొక చోటుకూ పోలిక చూడటానికి పనికివస్తాయి గాని వాటి అంకెలను నివేదికలో రాయకూడదు.

మీటరు లేనప్పుడు చేయి చాలు. వైసు మీద జానెడు ఎత్తున అరచేతిని చాపి దాని నీడను చూడాలి. ఒకే నల్లని, పదునైన అంచున్న నీడ పడితే కాంతి ఒక్క చోటు నుంచే వస్తున్నది. అనేక పలచని నీడలు ఒకదానిలో ఒకటి కలిసిపోతే పంపిణీ బాగున్నట్లు.

చీకటిగా ఉంచవలసిన మూల

గది అంతటా వెలుతురు నింపే ఉత్సాహంలో రెండు చోట్లను వదిలిపెట్టాలి. వెల్డింగ్ మూలలోని గోడలకు మెరిసే రంగు వేయకూడదు. ఆర్క్ కిరణాలు నునుపైన గోడ మీద నుంచి తిరిగి వచ్చి ముసుగు వెనుక నుంచి కంటికి తగులుతాయి. అక్కడ మెరుపు లేని ముదురు రంగు ఉండాలి, గదిలోని మిగతావారికి అడ్డుగా తెర ఉండాలి.

రెండవది కొలిమి. నాగలి కర్రుకు, ఉలికి పదును పెట్టే కమ్మరి ఇనుము వేడిని దాని రంగును బట్టి తెలుసుకుంటాడు. ముదురు ఎరుపు, చెర్రీ ఎరుపు, నారింజ రంగుల మధ్య తేడా మసక వెలుతురులోనే తెలుస్తుంది. 300 లక్సుల కాంతిలో ఎర్రగా కాలిన ఇనుము కూడా నల్లగానే కనిపించి, ఇంకా కాల్చమని ప్రేరేపిస్తుంది. అలా మితిమీరి కాలిన కర్రు పెళుసై మొదటి రాయికే విరుగుతుంది. గడ్డి రంగు, నీలం రంగు చూసి ఉలిని చల్లార్చే పనికి మాత్రం కొంచెం పగటి వెలుతురు ఉండాలి. కొలిమి మీద ఉన్న వరుసకు వేరు స్విచ్చు పెట్టించి, దానిని కమ్మరి చేతికి అందేచోట ఉంచితే ఎప్పుడు వెలిగించాలో, ఎప్పుడు ఆర్పాలో అతనే చూసుకుంటాడు.